పొలానికి పౌతి ఉంది, ఫోనుకు ఏముంది?

మన వైపు ఇంటి పెద్ద కాలం చేస్తే, పెద్దకర్మ ముగిసిన వారంలోపే పహణి మాట వస్తుంది. మరణ పత్రం తీయాలి, వంశవృక్షం చేయించాలి, నాడ కచేరిలో అర్జీ ఇచ్చి పౌతి ఖాతా మార్పించుకోవాలి. చోరనూరు హోబళిలో బడి ముఖం చూడనివారికి కూడా ఈ వరస తెలుసు. పొలం కంటికి కనబడుతుంది. గట్టు మీద నిలబడి ఇది మాది అని చెప్పుకోవచ్చు.

అదే మనిషి జేబులో ఉండిన ఫోను సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ ఫోనులో బ్యాంకు ఖాతా ఉంది, యూపీఐ ఉంది, బీమా ప్రీమియం రసీదులు ఉన్నాయి, గ్యాసు బుకింగు ఉంది, పీఎం కిసాన్ డబ్బు వచ్చిందని చెప్పే మెసేజి ఉంది. ఇంటి ఆడవారి గృహలక్ష్మి డబ్బు వివరం కూడా చాలా ఇళ్ళలో ఆ ఒక్క ఫోనుకే వస్తుంది. ఇరవై ఏళ్ళ ఫోటోలు, అమ్మ గొంతుతో పెళ్ళి పాటలు అందులోనే ఉన్నాయి. పెద్దాయన వేలిముద్రతో తెరుచుకున్న ఫోను, ఆయన పోయిన తరువాత ఎవరికీ తెరుచుకోదు. కొన్నాళ్ళకు రీఛార్జి అయిపోతుంది. ఆ తరువాత నంబరే పోతుంది.

మా సంఘానికి వచ్చే విన్నపాలలో ఒకప్పుడు కుల ధ్రువీకరణ, రేషను కార్డు, పిల్లల బడిలో తెలుగు వంటివే ఎక్కువ. ఇప్పుడు "మా ఆయన ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలియడం లేదు" అని వచ్చేవారు కనిపిస్తున్నారు. కేంద్రంలోనూ రిజర్వు బ్యాంకులోనూ ఈ విషయం మీద 2025లో కొన్ని ముఖ్యమైన మార్పులు జరిగాయి. అవి మన ఇళ్ళకు ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ పనికిరావు, మనం ఏం చేసుకోవాలి అన్నది ఈ వ్యాసంలో చెబుతాము.

అడిగేవారు లేని డబ్బు

పదేళ్ళు ఎవరూ ముట్టని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉన్న ఒక నిధికి పంపాలి. ఈ నిధిని 2014లో ఏర్పాటు చేశారు. రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక ప్రకారం 2024 మార్చి చివరికి అందులో చేరిన మొత్తం 78,213 కోట్ల రూపాయలు. ఇదంతా ఎవరో దాచుకున్న సొమ్మే. దాచినవారు పోయారు, లేదా ఊరు మారారు. వారసులకు ఆ ఖాతా ఉన్నట్టే తెలియదు. నిధికి వెళ్ళిన డబ్బు పోయినట్టు కాదు. వారసులు పత్రాలతో వస్తే బ్యాంకు ఎప్పుడైనా ఇవ్వవలసిందే. ఎవరైనా వెళ్ళి అడగాలి, అంతే.

ఇలాంటి ఖాతాలు వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. 2024 మార్చి నాటికి 30 బ్యాంకులు అందులో చేరాయి. 2025 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా "మీ డబ్బు, మీ హక్కు" అనే అర్థం వచ్చే పేరుతో కేంద్ర ప్రభుత్వం దేశమంతా శిబిరాలు కూడా పెట్టించింది. మంచి పనే. అయితే వెతకాలంటే ఏ బ్యాంకు, ఏ పేరు అన్నది కొంతైనా తెలిసి ఉండాలి. మన జిల్లాలో అక్కడే చిక్కు.

మన పెట్టెల్లోని పాత పాస్‌బుక్కులు చూడండి. తుంగభద్ర గ్రామీణ బ్యాంకు అని ఉంటుంది. అది ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. ప్రగతి 2019లో కర్ణాటక గ్రామీణ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న కర్ణాటక వికాస్ గ్రామీణ బ్యాంకు కూడా వచ్చి చేరి, బళ్ళారి ప్రధాన కార్యాలయంగా రాష్ట్రమంతటికీ ఒకే గ్రామీణ బ్యాంకు అయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరు 2017లో స్టేట్ బ్యాంకులో కలిసింది. సిండికేట్ బ్యాంకు 2020లో కెనరాలో కలిసింది. అదే ఏడు ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిశాయి. తాత పాస్‌బుక్కు మీద ఉన్న బ్యాంకు బోర్డు ఇప్పుడు ఏ ఊళ్ళోనూ లేదు. "బ్యాంకే మూసేశారంట" అని ఊరుకున్న ఇళ్ళు ఉన్నాయి. బ్యాంకు మూయలేదు, పేరు మారింది. పాత పుస్తకం తీసుకుని కొత్త పేరున్న శాఖకు వెళితే ఖాతా దొరుకుతుంది.

కొత్త రూల్సు చెప్పేది

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు ఒకరికి బదులు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత శాతం అని రాయవచ్చు, లేదా మొదటివారు లేకపోతే రెండోవారు అని వరస పెట్టవచ్చు. లాకరుకు మాత్రం వరస పద్ధతి ఒక్కటే. బ్యాంకింగ్ చట్టాల సవరణ చట్టం, 2025 ద్వారా వచ్చిన మార్పు ఇది. పాత ఖాతాల్లో నామినీగా తల్లి పేరో, పెళ్ళికి ముందు అన్న పేరో రాసి, ఆ తరువాత తిరిగి చూడనివారు మనలో ఎక్కువ. అలాంటి వారికి ఇది మంచి అదను.

రెండోది, చనిపోయినవారి ఖాతాల సొమ్ము వారసులకు ఇచ్చే విధానంపై రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు 26న ఇచ్చిన ఆదేశాలు. వీటిని బ్యాంకులన్నీ 2026 మార్చి 31 లోగా అమలులోకి తేవాలని గడువు పెట్టింది. నామినీ ఉన్న ఖాతాకు కోర్టు నుంచి వారసత్వ పత్రం అడగరాదు. నామినీ లేకపోయినా, వారసుల మధ్య తగవు లేకపోతే, 15 లక్షల దాకా సులభ పద్ధతిలోనే ఇవ్వాలి. సహకార బ్యాంకులకు ఈ పరిమితి 5 లక్షలు. పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో పని ముగించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే బ్యాంకు రేటు మీద ఏడాదికి 4 శాతం కలిపి పరిహారం ఇవ్వాలి.

ఈ రెండు ముక్కలూ మన ఇళ్ళలో అందరికీ తెలిసి ఉండాలి. కౌంటరు దగ్గర "కోర్టుకు వెళ్ళండి" అన్న మాట విని వెనక్కి వచ్చే విధవరాలికి, "పదిహేను లక్షల లోపు కదా సార్, కొత్త ఆదేశాల ప్రకారం ఫారం ఇవ్వండి" అనే మాట తెలిసి ఉంటే చాలు, సగం పని అయినట్టే. మా ఉద్యోగ అనుభవంలో అర్జీదారుకు రూలు తెలుసని గుమాస్తాకు అర్థమైతే ఫైలు నడిచే తీరే మారుతుంది.

నామినీ వేరు, వారసుడు వేరు

మనవాళ్ళలో ఒక పొరపాటు నమ్మకం పాతుకుపోయింది. నామినీగా ఎవరి పేరుంటే డబ్బు వారిదే అనుకుంటారు. సుప్రీం కోర్టు 1983లో బీమా విషయంలోనూ, 2010లో బ్యాంకు డిపాజిట్ల విషయంలోనూ, 2023 డిసెంబరులో షేర్ల విషయంలోనూ ఒకే తీరుగా చెప్పింది. నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే. తీసుకున్నది వారసులందరికీ వారి వాటా ప్రకారం అప్పగించాలి. బీమా చట్టంలో 2015 సవరణ తరువాత మాత్రం భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారికే చెందుతుంది.

కాబట్టి తండ్రి ఫోను లాకు నంబరు తెలిసిన కొడుకు, దహనం అయిన సాయంత్రమే యూపీఐ ద్వారా డబ్బు తన ఖాతాకు మళ్ళించుకోవడం తెలివి కాదు. చెల్లెళ్ళకు కూడా అందులో వాటా ఉంది. కూతుళ్ళకు సమాన హక్కు ఇవ్వడంలో మన రెండు రాష్ట్రాలూ ముందున్నవే. ఆంధ్రప్రదేశ్ 1980లలో, కర్ణాటక 1994లో చట్టం మార్చాయి. దేశమంతటా 2005లో వచ్చింది. పిన్ను తెలుసుకోవడం వేరు, హక్కు ఉండడం వేరు. ఈ తేడా తెలియక అన్నదమ్ముల మధ్య మొదలైన తగవు కోర్టుకెక్కితే పైన చెప్పిన సులభ పద్ధతి కూడా చేజారిపోతుంది.

వీలునామా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫోనులో వీడియో తీసి, వాట్సాప్‌లో పంపి "ఇదే నా వీలునామా" అంటే చెల్లదు. సమాచార సాంకేతిక చట్టం, 2000 వీలునామాను తన పరిధి నుంచి మినహాయించింది. కాగితం మీద రాసి, సంతకం చేసి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టినదే వీలునామా. అది కంప్యూటరులో టైపు చేసినా ఫరవాలేదు, ప్రింటు తీసి సంతకాలు కావాలి.

బతికి ఉండగానే వచ్చే కష్టం

నామినీ అనే ఏర్పాటు చావు తరువాతే పనికొస్తుంది. పక్షవాతం వచ్చి మనిషి మంచం పడితే? మాట రాదు, వేలు కదలదు, ఆసుపత్రికి డబ్బు కట్టాలి. ఖాతాలో డబ్బుంది, తీసే దారి లేదు. అప్పుడు నామినీకి ఏ అధికారమూ లేదు. ఇందుకు మనకు అందుబాటులో ఉన్న సులభమైన మార్గం ఉమ్మడి ఖాతా. భార్యాభర్తలలో ఎవరైనా ఒకరు నడపవచ్చు అనే షరతుతో ఒక ఖాతా ఉంచుకుని, ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆసుపత్రి ఖర్చు అందులో పెట్టుకోవాలి. ఫోను కూడా రెండో మనిషి దగ్గర పనిచేయాలి. భార్యకు ఏటీఎం కార్డు ఉంటే చాలదు, దాన్ని ఆమె తన చేత్తో రెండు నెలలకొకసారైనా వాడి ఉండాలి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ విషయంలో ఒక కొత్త తలుపు తెరిచింది. మనిషి చనిపోయినా, శక్తి కోల్పోయినా, తన సమాచారానికి సంబంధించిన హక్కులు వాడుకునేందుకు ఒకరిని ముందుగా నియమించవచ్చు అని 14వ సెక్షను చెబుతుంది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఈ భాగం అమలులోకి రావడానికి 18 నెలల వ్యవధి పెట్టారు, అంటే 2027 మే దాకా ఆగాలి. అంతవరకు కంపెనీలు తమంతట తాము ఇచ్చిన సౌకర్యాలే దిక్కు.

నంబరు పోతే అన్నీ పోతాయి

మన వ్యవహారమంతా ఒక మొబైల్ నంబరు మీద నిలబడి ఉంది. ఓటీపీ దానికే వస్తుంది. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ ఆపవచ్చు. ఆపిన తరువాత కనీసం 90 రోజులు ఆగి ఆ నంబరును కొత్తవారికి ఇస్తారని ట్రాయ్ 2023లో సుప్రీం కోర్టుకు చెప్పింది. ఆ నంబరు ఎక్కడో ఒక కొత్త మనిషి చేతికి వెళుతుంది. మన తండ్రి ఖాతా మెసేజీలు అతనికి వెళ్ళే ప్రమాదం ఉంది. ఈ ప్రమాదం తగ్గించడానికి, రద్దయిన నంబర్ల జాబితాతో తమ వివరాలను వారానికొకసారైనా సరిచూసుకోవాలని యూపీఐ నడిపే సంస్థ బ్యాంకులకు, యాప్‌లకు చెప్పింది. 2025 ఏప్రిల్ నుంచి ఈ నియమం ఉంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే మామూలుగా తొలగిపోతుంది.

అందుకే ఇంటి పెద్ద పోయిన నెల రోజుల్లో చేయవలసిన మొదటి పని ఆ సిమ్‌ను రీఛార్జి చేసి ఉంచడం. రెండో పని మరణ పత్రం, గుర్తింపు పత్రాలు తీసుకుని కంపెనీ దుకాణంలో దాన్ని వారసుల పేరుకు మార్పించుకోవడం. ఖాతాలన్నీ ముగిసే దాకా, కనీసం ఏడాది, ఆ నంబరును బతికించుకోవాలి. ఏడాదికి రెండు మూడు వేల ఖర్చు. ఆ ఖర్చుకు వెనకాడి నెలల తరబడి బ్యాంకుల చుట్టూ తిరిగిన కుటుంబం మాకు తెలుసు. గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఎఫ్‌డీ రసీదు ఆయన పోయిన రెండో ఏడు దొరికింది. అప్పటికి ఫోను నంబరు లేదు. రసీదు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధారులో పూర్తిగా ఉంది. రెండూ ఒకే మనిషివని నిరూపించడానికే ఆ తల్లికి ఎండాకాలం గడిచి వానాకాలం వచ్చింది.

సరిహద్దు ఇంటిపేర్లు

పై చిక్కు మన ప్రాంతానికి ప్రత్యేకం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. గీత ఊళ్ళ మధ్య పడినా వియ్యాలు ఆగలేదు. ఈ రోజుకీ ఒక ఇంటికి సండూరు తాలూకాలో పహణి ఉంటుంది, రాయదుర్గం వైపు అడంగల్ ఉంటుంది. ఒక ఖాతా ఇక్కడ, ఒక ఖాతా గుంతకల్లులో. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు. ఇక్కడి బడిలో తండ్రి పేరు, ఊరి పేరు పొడి అక్షరాలుగా రాశారు. ఒకే మనిషి మూడు కాగితాల్లో మూడు పేర్లతో ఉంటాడు.

బతికి ఉన్న మనిషి తన పేరు సరిచేయించుకోవడం ఒక రోజు పని. పోయిన మనిషి పేరు సరిచేయడం అఫిడవిట్ల పని. ఆధారు, పాన్, పాస్‌బుక్కు, బీమా పత్రం నాలుగూ పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటి సరిచూడండి. మరణ పత్రంలో పేరు రాయించేటప్పుడు ఆధారులో ఉన్నట్టే రాయించండి. ఆంధ్ర వైపు కూడా చూపవలసి ఉంటే కన్నడంతో పాటు ఇంగ్లీషు కూడా ఉన్న నకళ్ళు నాలుగైదు తీసి ఉంచుకోండి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలన్నది మరువకూడదు.

ఫోటోలు, ఈమెయిలు, ఇంటి సర్వరు

డబ్బు విషయానికి చట్టం ఉంది. ఫోటోలకు, ఉత్తరాలకు ఇంకా సరైన చట్టం లేదు. గూగుల్ ఖాతా రెండేళ్ళు ముట్టకపోతే దాన్ని తొలగించవచ్చని ఆ సంస్థ 2023లో ప్రకటించింది. అదే గూగుల్‌లో 2013 నుంచే ఒక సౌకర్యం ఉంది. మూడు నెలలు మొదలుకొని 18 నెలల దాకా మనం చెప్పినంత కాలం ఖాతా కదలకపోతే, మనం పేర్కొన్న పదిమంది దాకా మనుషులకు కబురు పంపి, మనం ఎంచిన భాగాలు ఇస్తుంది. ఆపిల్ ఫోన్లలో 2021 డిసెంబరు నుంచి వారసుడిగా ఐదుగురిని పెట్టుకోవచ్చు. వారు తమకిచ్చిన తాళపు సంకేతం, మరణ పత్రం చూపితే ఫోటోలు, ఫైళ్ళు అందుతాయి. దాచిన పాస్‌వర్డులు మాత్రం అందవు. ఈ రెండు పనులూ పది నిమిషాలవి. బతికి ఉన్న మనిషే చేయాలి, పోయిన తరువాత ఎవరూ చేయలేరు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళకు ఒక మాట. అక్కడ చాలా రాష్ట్రాలు ఒకే నమూనా చట్టాన్ని తీసుకున్నాయి. 2015లో తయారైన ఆ నమూనా ప్రకారం మొదటి విలువ కంపెనీ సౌకర్యంలో మనిషి తాను పెట్టిన పేరుకు, తరువాత వీలునామాకు, చివర కంపెనీ షరతులకు. జర్మనీలో 2012లో చనిపోయిన 15 ఏళ్ళ అమ్మాయి ఫేస్‌బుక్ ఖాతా చూడటానికి తల్లిదండ్రులు దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళవలసి వచ్చింది. 2018లో వారికి అనుకూలంగా తీర్పు వచ్చింది. ఆరేళ్ళు పట్టింది. ముందుగా పెట్టిన ఒక్క పేరు ఆరేళ్ళ కోర్టు ఖర్చును తప్పిస్తుంది.

ఈ మధ్య బెంగళూరు, హైదరాబాదులో పనిచేసే మన పిల్లలు కొందరు "అమ్మా, ఫోటోలు ఇంక కంపెనీల దగ్గర పెట్టక్కర్లేదు" అని ఇంట్లో చిన్న సర్వరు పెడుతున్నారు. చెప్పుల పెట్టె అంత ఉంటుంది, లోపల రెండు హార్డ్‌డిస్కులు. ఇంటి అందరి ఫోన్ల నుంచి ఫోటోలు అందులోకి చేరతాయి. నెలనెలా అద్దె లేదు, మన సొత్తు మన ఇంట్లోనే ఉంటుంది. ఆలోచన మంచిదే. అయితే ఎడ్లను కొన్నంత సులువు కాదు మేపడం.

మన సండూరు వైపు గనుల ఎర్ర దుమ్ము ఫ్యాను రెక్కలకు పట్టి పెట్టె వేడెక్కుతుంది. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. కరెంటు చెప్పకుండా పోతుంది. రాస్తూ ఉన్న డిస్కుకు హఠాత్తుగా కరెంటు పోతే అందులోని లెక్క చెడుతుంది. కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. అది పావుగంట నిలిచినా పెట్టె సరిగా ఆగడానికి చాలు. గాలి ఆడే చోట, నేల నుంచి ఎత్తుగా పెట్టి, నెలకొకసారి దుమ్ము తుడవాలి. డిస్కులకు కంపెనీలు ఇచ్చే వారంటీ మూడు నుంచి ఐదేళ్ళు. ఆ తరువాత ఎప్పుడైనా పోవచ్చు అని లెక్క వేసుకుని కొత్తది కొనాలి.

రెండు డిస్కులు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలో అద్దంలా కనబడుతుంది. ఒక ఫోటో పొరపాటున తుడిస్తే రెండింటిలోనూ పోతుంది. పిడుగు పడితే రెండూ కాలతాయి. ఈ రంగంలో వాడే లెక్క మూడు, రెండు, ఒకటి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒక ప్రతి వేరే ఊళ్ళో. మనకు సరిహద్దు అవతల అక్కచెల్లెళ్ళ ఇళ్ళు ఉండనే ఉన్నాయి. ఏడాదికొకసారి పండుగకు పోయేటప్పుడు ఒక డిస్కు అక్కడ పెట్టి, పాతది తెచ్చుకుంటే సరి.

అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆ పెట్టె సంగతి ఒక్కరికే తెలియడం. పెట్టినవాడు ఉద్యోగం మీద విదేశం వెళ్ళాడు, లేదా వాడికే ఏదో అయింది. లోపలి సమాచారాన్ని సంకేతంతో బిగించి ఉంటే, ఆ తాళపు మాట లేకుండా ఏ నిపుణుడూ తీయలేడు. ఇంటర్నెట్ చిరునామా వాడి కార్డు మీద ఏటా కొత్తది అవుతూ ఉంటుంది, కార్డు ఆగితే చిరునామా ఆగుతుంది. వయసులో చిన్నవాడు కదా అని అతని దగ్గర కాగితం అడగకపోవడం తప్పు. ఇలాంటి ఇళ్ళకు మేము చెప్పేది, సర్వరు ఎంత గొప్పదైనా సరే, ముఖ్యమైన ఫోటోలు, పత్రాల నకళ్ళు ఏ కంప్యూటరుకు తగిలించినా తెరుచుకునే మామూలు డిస్కులో ఒక ప్రతి ఉంచండి. కోడలో కూతురో దాన్ని ఒకసారి తెరిచి చూపించాలి. తెరిచి చూడని ప్రతిని ప్రతి అని లెక్క వేయకూడదు.

చార్జి జాబితా

ప్రభుత్వ కచేరిలో బదిలీ అయిన గుమాస్తా చార్జి అప్పగించకుండా వెళ్ళడానికి వీలు లేదు. బీరువా తాళాలు ఎన్ని, రిజిస్టర్లు ఎన్ని, పెండింగు ఫైళ్ళు ఏవి అని జాబితా రాసి, ఇచ్చినవారు తీసుకున్నవారు ఇద్దరూ సంతకం చేస్తారు. ఇంటికీ అలాంటి జాబితా ఒకటి ఉండాలి. రెండు పుటలు చాలు.

అందులో రాయవలసినవి ఇవి. ఖాతా ఉన్న ప్రతి బ్యాంకు, శాఖ, నామినీ పేరు. బీమా పాలసీలు. పీఎఫ్, పెన్షను వివరం. పోస్టాఫీసు పుస్తకాలు. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉంటే అవి ఎక్కడ ఉన్నాయో. ఏ నంబరు ఏ ఖాతాకు కట్టి ఉందో. ఈమెయిలు చిరునామాలు. నెలనెలా తమంతట తాము కోతపడే చెల్లింపులు. అప్పులు, ఇచ్చిన చేబదుళ్ళు. ఇంటి సర్వరు ఉంటే అది ఏ స్విచ్చుతో ఆగుతుంది, రెండో ప్రతి ఏ ఊళ్ళో ఉంది, చెడితే ఎవరిని పిలవాలి.

పాస్‌వర్డులు ఈ జాబితాలో రాయకూడదు. ఫోను లాకు, ఈమెయిలు పాస్‌వర్డు, సర్వరు తాళపు మాట ఈ మూడూ వేరే కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, మీద సంతకం చేసి బీరువాలో ఉంచాలి. కవరు చినిగి ఉంటే తెలిసిపోతుంది. బ్యాంకు పిన్నులు ఎక్కడా రాయవద్దు. మీ తరువాత వాటి అవసరం ఎవరికీ ఉండకూడదు, బ్యాంకు పద్ధతి ప్రకారమే డబ్బు రావాలి. జాబితాను ఫోటో తీసి వాట్సాప్ గుంపులో పెట్టవద్దు. "మీ నామినీ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోను చేసే మోసగాళ్ళు ఉన్నారు. నామినీ పని శాఖకు వెళ్ళి గానీ, బ్యాంకు సొంత యాప్‌లో గానీ చేయాలి.

జాబితాను ఉగాదికి ఒకసారి చూసి తేదీ వేయండి. ఆయుధ పూజనాడు బండికి, యంత్రాలకు పసుపు కుంకుమ పెడతాము కదా, సర్వరుకు, డిస్కులకు కూడా ఆ రోజే తనిఖీ పెట్టుకోండి. వేరే తేదీ గుర్తుపెట్టుకోనక్కర లేదు.

"బతికి ఉండగానే చావు లెక్కలేంటి, అపశకునం" అనే పెద్దలు ఉన్నారు. వారికి మా మనవి ఒక్కటే. బీమా కట్టేటప్పుడు అపశకునం అనుకోలేదు. పొలం పంపకాలు రాసేటప్పుడు అనుకోలేదు. ఇంకొందరు "నా ఫోనులో ఉన్నవన్నీ పిల్లలు చూడాలా?" అని అడుగుతారు. అక్కర లేదు. ఏది ఇవ్వాలి, ఏది తనతోనే తుడిచిపోవాలి అని చెప్పే హక్కు ఆ మనిషిదే. గూగుల్‌లో ఖాతాను పూర్తిగా తొలగించమని కూడా ముందే చెప్పి ఉంచవచ్చు. ఏమీ చెప్పకుండా పోతే ఆ నిర్ణయం కంపెనీ చేతికి పోతుంది.

బ్యాంకుల వారికి మా సంఘం తరఫున రెండు విన్నపాలు. హోబళి స్థాయిలో నామినీ శిబిరాలు పెట్టండి, క్లెయిము ఫారాలు కన్నడంతో పాటు తెలుగులోనూ చదివి వినిపించే మనిషిని ఉంచండి. మరణ పత్రం తీసుకోవడానికి వచ్చిన కుటుంబానికి అక్కడే ఒక చీటీ ఇచ్చి, సిమ్, బ్యాంకు, బీమా, పెన్షను పనుల వరస చెప్పేలా పంచాయతీలు చూడాలి. దీనికి కొత్త చట్టం అక్కర లేదు, ఒక పుట అచ్చు వేస్తే చాలు.

మన సభ్యులకు కూడా ఒక పని. ఈ ఆదివారం పాస్‌బుక్కులు అన్నీ ఒకచోట వేసి, నామినీ పేరు దగ్గర వేలు పెట్టి చదవండి. ఇంట్లో ఆడవారిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఆ పేరున్న మనిషి ఇప్పుడు ఉన్నారా, లేరా అన్నది మొదట తేల్చుకోండి. లేకపోతే సోమవారం బ్యాంకుకు వెళ్ళండి. ఫారం నింపడం రానివారు పాస్‌బుక్కు, ఆధారు నకళ్ళు తెచ్చుకుంటే సంఘం తరఫున మేము నింపి ఇస్తాము. దానికి రుసుము ఏమీ లేదు.